ఫైలు పంపే ముందు తాళంచెవి ఎవరి దగ్గరుందో చూడండి

విశాఖలో ఇల్లు కొనాలన్నా, లోను పెట్టాలన్నా ఇప్పుడు కాగితాలు చేతుల్లో కంటే ఫోన్లలోనే ఎక్కువ తిరుగుతున్నాయి. మధురవాడలో ఫ్లాటు చూసుకున్న కుటుంబం సేల్ డీడు, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ స్కాన్ చేయించి లోన్ ఏజెంటుకి వాట్సాప్‌లో పెడుతుంది. ఏజెంటు వాటిని బ్యాంకులో ఒకరికి, లీగల్ ఒపీనియన్ ఇచ్చే లాయరుకి, వాల్యుయేషన్ చేసే ఇంజనీరుకి ఫార్వర్డ్ చేస్తాడు. వారం తిరిగేసరికి ఆ ఇంటివాళ్ల సంతకాలు, వేలిముద్రలు, ఆస్తి వివరాలు ఎన్ని ఫోన్లలో ఉన్నాయో ఎవరూ చెప్పలేరు.

ఆన్‌లైన్‌లో ఫైళ్లు పంపే సర్వీసులు మన ప్రైవసీని కాపాడతాయా అని చాలామంది అడుగుతుంటారు. దారి మధ్యలో కాజేసేవాళ్ల నుంచి పేరున్న సర్వీసులన్నీ కాపాడతాయి. ఆ సర్వీసు నడిపే కంపెనీ కంట పడకుండా కాపాడేవి కొన్నే. మీరు ఫైలు ఇచ్చిన మనిషి నుంచి మాత్రం ఏ సర్వీసూ కాపాడలేదు. ఈ తేడా తెలిస్తే ఏ ఫైలును ఎలా పంపాలో మీరే తేల్చుకోగలరు. ఆ పని అడుగడుగునా ఎలా చేయాలో కింద రాస్తున్నాను.

1. ముందు కాగితాలను వేరు చేయండి

లీకైతే మార్చుకోగలిగేవి ఒకవైపు, మార్చుకోలేనివి ఒకవైపు పెట్టండి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. డెబిట్ కార్డు పోతే బ్లాక్ చేయించి కొత్తది తెచ్చుకుంటాం. పుట్టిన తేదీ, ఆధార్ నంబరు, డీడు మీద వేలిముద్ర, అమ్మ బయాప్సీ రిపోర్టు మార్చుకునేవి కావు. ఈ రెండో రకం ఏదైనా సరే, నాలుగో అడుగులో చెప్పినట్టు తాళం వేయకుండా పంపకండి.

అడిగిన ప్రతివాళ్లకీ పూర్తి ఆధార్ ఇవ్వనక్కర్లేదు. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటులో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ ఆధార్ అన్న చోట టిక్కు పెడితే చివరి నాలుగు అంకెలే కనిపించే కాపీ వస్తుంది. హోటల్ గదికీ, అద్దె ఇంటి ఓనరుకీ అది చాలు. ఆ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని మాత్రం ధీమా పడకండి. ఇంగ్లీషులో పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డ్ అని దేశమంతా తెలుసు. మీ పేరు, వయసు తెలిసినవాళ్లెవరైనా తెరిచేస్తారు.

అవతలి సంస్థ డిజిలాకర్ (పత్రాలు దాచుకునే ప్రభుత్వ ఆన్‌లైన్ సర్వీసు) నుంచి తీసుకుంటామంటే ఆ దారే మంచిది. అందులోకి ప్రభుత్వ శాఖలు నేరుగా పంపిన పత్రాలు చట్టం ప్రకారం ఒరిజినల్‌తో సమానం. మీరు ఒప్పుకున్న పత్రమే వాళ్లకు అందుతుంది.

2. సర్వీసు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

మీరు అప్‌లోడ్ నొక్కగానే ఫైలు మీ ఫోను నుంచి సర్వరు దాకా టీఎల్ఎస్ అనే రక్షణలో వెళ్తుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఉచిత వైఫైలో మీ పక్కన కూర్చున్నవాడు ఆ డేటాను పట్టుకున్నా అతనికి అర్థంలేని అంకెలే కనిపిస్తాయి. బ్రౌజరులో అడ్రసు ముందు హెచ్‌టీటీపీఎస్ ఉంటే ఈ రక్షణ ఉన్నట్టే. సర్వరుకి చేరాక ఫైలును ఏఈఎస్ అనే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళంచెవి లాంటి ఒక రహస్య సంఖ్య లేకుండా చదవలేని రూపంలోకి మార్చి, డిస్కు మీద దాస్తారు. డ్రాప్‌బాక్స్ వాడేది ఏఈఎస్-256. గూగుల్ అయితే డేటాను ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో తాళంచెవి వాడుతుంది. డేటా సెంటరు నుంచి ఎవరైనా డిస్కు ఎత్తుకెళ్లినా ఉపయోగం ఉండదు.

ఇంతవరకు అందరిదీ దాదాపు ఒకటే పద్ధతి. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందన్న దగ్గరే దారులు వేరవుతాయి.

గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్‌ల మామూలు వ్యక్తిగత ఖాతాల్లో తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర మీ ఇంటి డూప్లికేట్ తాళం ఉన్నట్టన్నమాట. అతను మంచివాడే, మీరు తాళం పోగొట్టుకున్న రోజు అదే ఆదుకుంటుంది కూడా. కానీ తెరవగలిగే స్థితిలో అతను ఎప్పుడూ ఉంటాడు. ఫైలు లోపలి మాట వెతికినా దొరకడం, ఫోటోలో ఏముందో గుర్తించడం, పాస్‌వర్డ్ మరిచిపోతే ఖాతా తిరిగి తెరుచుకోవడం, ఇవన్నీ ఆ తాళంచెవి వాళ్ల దగ్గర ఉండబట్టే సాధ్యం. వాళ్ల సిస్టంలో లోపం వస్తే ఏమవుతుందో 2011 జూన్‌లో తెలిసింది. డ్రాప్‌బాక్స్ కోడులో జరిగిన ఒక పొరపాటు వల్ల దాదాపు నాలుగు గంటలపాటు ఏ పాస్‌వర్డ్ కొట్టినా ఖాతాలు తెరుచుకునే పరిస్థితి ఏర్పడింది. కంపెనీ దాన్ని వెంటనే సరిదిద్దింది. ఫైలుకి సొంత తాళం వేసి పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఆ నాలుగు గంటల భయం కూడా అక్కర్లేకపోయింది.

రెండో రకం ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్. ఇందులో ఫైలు మీ ఫోనులోనో కంప్యూటరులోనో ముందే ఎన్‌క్రిప్ట్ అయి బయల్దేరుతుంది. తాళంచెవి కంపెనీకి అందదు. మెగా, ప్రోటాన్ డ్రైవ్ ఈ పద్ధతిలో నడుస్తాయి. మెగా ఇచ్చే లింకును ఒకసారి జాగ్రత్తగా చూడండి. మధ్యలో # గుర్తు ఉంటుంది. దానికి ముందున్నది ఫైలు ఎక్కడుందో చెప్పే చిరునామా, తర్వాత ఉన్న పొడుగాటి అక్షరాల వరస తాళంచెవి. బ్రౌజరు # తర్వాతి భాగాన్ని సర్వరుకి పంపదు. అది మీ దగ్గరే ఉండి, వచ్చిన ఫైలును అక్కడే విప్పుతుంది. చాలా తెలివైన ఏర్పాటు ఇది. అయితే ఆ పూర్తి లింకును వాట్సాప్ గ్రూపులో పెడితే ఇల్లూ తాళంచెవీ కలిపి పంచినట్టే. లింకు, తాళంచెవి విడివిడిగా ఇచ్చే ఆప్షన్ కూడా మెగాలో ఉంది. దాన్నే వాడండి.

ఈ రకానికి రెండు ఇబ్బందులున్నాయి. పాస్‌వర్డ్, అది మరిచిపోతే వాడుకోవడానికి ఇచ్చే రికవరీ కీ రెండూ పోతే ఫైళ్లు పోయినట్టే, కంపెనీ కూడా ఏమీ చేయలేదు. రికవరీ కీని కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టండి. రెండోది, ఫైల్లో వైరస్ ఉందో లేదో కంపెనీ చూడలేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తయారుచేసే మొజిల్లా 2019లో తెచ్చిన ఫైర్‌ఫాక్స్ సెండ్ ఈ రకంలో చాలా మంచి సర్వీసు. మాల్‌వేర్ పంచేవాళ్లు దాన్ని వాడుకోవడంతో 2020లో మూసేయాల్సి వచ్చింది. కాబట్టి తెలియనివాళ్ల నుంచి వచ్చిన ఎన్‌క్రిప్టెడ్ లింకును మామూలు లింకు కంటే ఎక్కువ అనుమానించండి.

ఐక్లౌడ్ రెండు రకాలుగానూ పనిచేస్తుంది. మామూలుగా తాళంచెవి యాపిల్ దగ్గరే ఉంటుంది. సెట్టింగ్స్‌లో మీ పేరు, ఆ లోపల ఐక్లౌడ్‌కి వెళ్లి అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ ఆన్ చేస్తే చాలా భాగం మీ చేతికొస్తుంది. అప్పుడు కూడా లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అని షేర్ చేసిన ఫైలుకి ఆ రక్షణ వర్తించదు.

వాట్సాప్‌లో పంపే డాక్యుమెంట్లకు 2016 నుంచి ఎండ్ టు ఎండ్ ఉంది. గూగుల్ డ్రైవ్‌కి వెళ్లే బ్యాకప్‌కి మాత్రం చాట్ బ్యాకప్ సెట్టింగులో విడిగా ఆన్ చేయాలి. టెలిగ్రామ్ మామూలు చాట్లకు ఎండ్ టు ఎండ్ లేదు, సీక్రెట్ చాట్‌కే ఉంది. ఈ సంగతి తెలియక టెలిగ్రామ్ అంటేనే భద్రం అనుకునేవాళ్లు చాలామంది.

2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో విశాఖలో భారీ డేటా సెంటరుతో ఏఐ హబ్ పెడతామని ప్రకటించినప్పటి నుంచి, డేటా మన ఊళ్లోనే ఉంటే ఇక టెన్షన్ ఏముంది అనే మాట వినిపిస్తోంది. సర్వరు ఏ ఊళ్లో ఉందన్నది ఏ ప్రభుత్వ చట్టం వర్తిస్తుందన్న విషయంలో కొంత తేడా తెస్తుంది. మన దేశంలో ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద డేటాను విప్పి ఇమ్మని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఉంది. తాళంచెవి ఉన్నవాళ్లే విప్పి ఇవ్వగలరు. ఆ సర్వరు మీ ఇంటి పక్కనే ఉన్నా తాళంచెవి కంపెనీదైతే పరిస్థితి ఏమీ మారదు.

3. గూగుల్ డ్రైవ్‌లో షేరింగ్ సరిచేయండి

ఫైలు మీద రైట్ క్లిక్ చేసి షేర్ తెరవండి. కింద జనరల్ యాక్సెస్ అన్న చోట 'ఎనీవన్ విత్ ద లింక్' అని ఉంటే దాన్ని రిస్ట్రిక్టెడ్‌కి మార్చండి. పైన అవతలి మనిషి మెయిల్ ఐడీ ఇచ్చి, వ్యూయర్ అని పెట్టండి. ఎడిటర్ హక్కు ఎవరికీ ఊరికే ఇవ్వకండి. పక్కనున్న గేరు గుర్తు నొక్కితే, చూసేవాళ్లు డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ చేసుకునే వీలు తీసేసే టిక్కు ఉంటుంది. ఎడిటర్లు వేరేవాళ్లకు షేర్ చేయకుండా ఆపే టిక్కు కూడా అక్కడే ఉంటుంది. స్క్రీన్‌షాట్‌ను మాత్రం ఇవేవీ ఆపలేవు.

లింకు ఉన్న ఎవరికైనా అని వదిలేస్తే పాస్‌వర్డ్ ఉండదు, లాగిన్ ఉండదు, ఎవరు తెరిచారో మీకు తెలియదు. ఆ లింకు ఏ గ్రూపులోకి ఫార్వర్డ్ అయితే ఆ గ్రూపంతా చూస్తుంది.

చాలామంది దెబ్బతినేది ఫోల్డర్ దగ్గర. పెళ్లి ఫోటోల ఫోల్డర్‌ను చుట్టాలందరికీ ఎప్పుడో షేర్ చేసి ఉంటారు. ఆర్నెల్ల తర్వాత అదే ఫోల్డర్లో పాస్‌పోర్టు స్కాన్ పడేస్తారు. ఫోల్డర్‌కి ఉన్న అనుమతే ఆ స్కాన్‌కీ వస్తుంది. షేర్ చేసే ఫోల్డర్లను ఎప్పుడూ విడిగా పెట్టండి, పేరులోనే షేర్డ్ అని రాసుకోండి.

4. తాళం మీరే వేయండి

సర్వీసు ఏదైనా సరే, ఫైలుకి ముందే మీరు తాళం వేసి పంపితే తాళంచెవి మీదే అవుతుంది. నా మాట వినేవాళ్లకు ఈ ఒక్క అలవాటు చేసుకోమని గట్టిగా చెబుతాను.

కంప్యూటరులో 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. పంపాల్సినవన్నీ ఒక ఫోల్డర్లో పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి, 7-జిప్ మెనూలో యాడ్ టు ఆర్కైవ్ నొక్కండి. ఫార్మాట్ 7జెడ్ ఎంచుకోండి. ఎన్‌క్రిప్షన్ గడిలో పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టండి. కిందున్న 'ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్'కి టిక్కు పెట్టడం మరవకండి. అది లేకపోతే లోపలి ఫైళ్లు తెరవలేకపోయినా వాటి పేర్లు కనిపిస్తాయి. డైవోర్స్ పిటిషన్ అనో, హెచ్ఐవీ రిపోర్టు అనో పేరు కనిపిస్తే ఇంక దాచిందేముంది? అవతలివాళ్లకు జిప్ ఫార్మాటే కావాలంటే ఎన్‌క్రిప్షన్ పద్ధతి దగ్గర ఏఈఎస్-256 ఎంచుకోండి. ముందుగా చూపించే జిప్‌క్రిప్టో పాతది, బలహీనమైనది. తెరిచేవాళ్లకు కూడా 7-జిప్ ఉండాలి. ఆండ్రాయిడ్ ఫోనులో అయితే జెడ్‌ఆర్కైవర్ యాప్ తెరుస్తుంది.

పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరు, పుట్టిన తేదీ పెట్టకండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే గుర్తుంటుంది, ఎవరూ ఊహించలేరు. దాన్ని ఫైలు పంపిన మెయిల్లోనే రాయకండి. ఫైలు మెయిల్లో పంపితే పాస్‌వర్డ్ ఫోను చేసి చెప్పండి.

ఒక్క పీడీఎఫ్ అయితే లిబ్రేఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్‌లోని సెక్యూరిటీ ట్యాబులో తెరవడానికి పాస్‌వర్డ్ పెట్టొచ్చు. అక్కడే ప్రింటింగ్, కాపీ ఆపే పర్మిషన్ పాస్‌వర్డ్ కూడా ఉంటుంది. దాన్ని రక్షణగా లెక్కేయకండి, ఆ ఆంక్షను తీసేసే సాధనాలు సులువుగా దొరుకుతాయి.

డ్రైవ్‌లో ఎప్పటికీ ఉంచుకోవాల్సిన కాగితాలకు క్రిప్టోమేటర్ అనే సాఫ్ట్‌వేర్ బాగుంటుంది. డ్రైవ్ లోపలే ఒక వాల్ట్ తయారుచేసి, అందులో పెట్టినవన్నీ అప్‌లోడ్‌కి ముందే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. కంప్యూటరులో ఉచితం, దాని కోడు ఎవరైనా చూడొచ్చు.

ఇద్దరూ ఒకే గదిలో ఉంటే ఇంటర్నెట్టే అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్, ఐఫోన్‌లో ఎయిర్‌డ్రాప్ చాలు. ఒకప్పుడు అందరి ఫోన్లలో ఉన్న షేర్‌ఇట్, జెండర్, క్యామ్‌స్కానర్‌లను కేంద్రం 2020 జూన్ 29న నిషేధించింది. పాత ఫోనులో ఇంకా మిగిలి ఉంటే తీసేయండి. స్కానింగ్‌కి డ్రైవ్ యాప్‌లోని కెమెరా గుర్తు సరిపోతుంది.

ఇంకొక మాట. అప్లికేషన్ ఫారాలు 200 కేబీ లోపే అడుగుతాయని, పీడీఎఫ్ సైజు తగ్గించే ఏదో ఒక వెబ్‌సైటులో పిల్లలు మార్కుల జాబితాలు, ఆధార్లు ఎక్కించేస్తుంటారు. ఆ ఫైలు ఒక తెలియని సర్వరుకి వెళ్లింది. గంటలో తీసేస్తామని వాళ్లు రాస్తారు, మనం చూడలేం. లిబ్రేఆఫీస్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు బొమ్మల నాణ్యత తగ్గిస్తే మీ కంప్యూటరులోనే ఆ పని అయిపోతుంది.

5. ఫైలు లోపల దాగినవి తీసేయండి

ఫోనులో తీసిన ఫోటోలో తేదీ, కెమెరా, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా ఉంటాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అవి పోతాయి, డాక్యుమెంటుగా పంపితే అలాగే వెళ్తాయి. వర్డ్‌లోనో పీడీఎఫ్‌లోనో నంబరు మీద నల్ల డబ్బా గీసి పంపేవాళ్లున్నారు. డబ్బా కింద అక్షరాలు అలాగే ఉంటాయి, ఎంచుకుని కాపీ చేస్తే బయటికొస్తాయి. కప్పేశాక ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేయండి, లేదా స్క్రీన్‌షాట్ తీసి ఆ బొమ్మ పంపండి.

6. నెట్ సెంటర్ దగ్గర

ద్వారకానగర్లోనో గాజువాకలోనో ప్రింటుకి వెళ్తే, గోడ మీద అంటించిన నంబరు చూపించి 'వాట్సాప్ చేసేయండి' అంటారు. అక్కడి కంప్యూటరులో వాట్సాప్ వెబ్ పొద్దున్నుంచి తెరిచే ఉంటుంది. వచ్చిన ప్రతి ఫైలూ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో చేరుతుంది. తర్వాత వచ్చిన కస్టమరు తన ఫైలు వెతుక్కుంటూ అదే ఫోల్డరు చూస్తాడు. పాన్, మెమో, కుల ధ్రువీకరణ, అన్నీ వరసగా కనిపిస్తాయి. ఎండ్ టు ఎండ్ ఇక్కడ సక్రమంగానే పనిచేసింది. ఆ రెండో చివర షాపు కంప్యూటరే.

కాబట్టి ప్రింటు చేతికి రాగానే, 'తమ్ముడూ, డౌన్‌లోడ్స్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి నా ఫైలు తీసేస్తావా' అని అడిగి, తీసేదాకా నిలబడండి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. మీ ఫోనులో డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కూడా నొక్కండి. పంపిన రెండు రోజుల పైచిలుకు దాకా అది పనిచేస్తుంది, కానీ అప్పటికే కంప్యూటరులో డౌన్‌లోడ్ అయిన కాపీని అది ముట్టుకోదు. అందుకే ముందు షాపులో తీయించాలి. అక్కడి కంప్యూటరులో మీ మెయిల్ తెరవాల్సి వస్తే ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి, సైన్ అవుట్ చేసి, విండో మూసేసి రండి. దాంట్లో డౌన్‌లోడ్ చేసినవి కూడా డిస్కులో మిగులుతాయి, వాటినీ తీసేయించండి.

నెలకోసారి ప్రింట్లు అవసరమయ్యే ఇల్లయితే చిన్న ప్రింటరు కొనుక్కోవడమే మేలని నా ఉద్దేశం.

7. ఖాతాకి గడియ పెట్టండి

డ్రాప్‌బాక్స్ నుంచి 2012లో పోయిన 6.8 కోట్లకు పైగా ఖాతాల మెయిల్ ఐడీలు, హ్యాష్ చేసిన (నేరుగా చదవలేని రూపంలోకి మార్చిన) పాస్‌వర్డుల సంగతి 2016లో గానీ పూర్తిగా బయటపడలేదు. మీ మెయిల్ ఇలాంటి లీకుల్లో ఉందో లేదో 'హావ్ ఐ బీన్ పోన్డ్' సైటులో చూసుకోవచ్చు. ఉంటే ఆ పాస్‌వర్డ్ వాడిన చోటల్లా మార్చండి. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి, వీలైతే పాస్‌వర్డ్ బదులు ఫోను లాకుతోనే లాగిన్ అయ్యే పాస్‌కీ పెట్టుకోండి. గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో మీ డివైసుల జాబితా చూడండి. అమ్మేసిన పాత ఫోను అందులో ఉంటే సైన్ అవుట్ కొట్టండి. మీ డ్రైవ్ చూడ్డానికి ఎప్పుడో అనుమతి ఇచ్చిన యాప్‌ల జాబితా కూడా అక్కడే ఉంటుంది, అక్కర్లేనివి తీసేయండి.

8. పని అయ్యాక లింకు మూసేయండి

లోను శాంక్షన్ అయ్యాక, అడ్మిషన్ వచ్చాక ఆ లింకు ఎందుకు? షేర్ తెరిచి అందరి పేర్లూ తీసేయండి. మళ్లీ మరిచిపోతామనుకుంటే పంపిన రోజే ఫోను క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. డ్రైవ్‌లో డిలీట్ చేసినా ఫైలు 30 రోజులు బిన్‌లో ఉంటుంది, అక్కడి నుంచి కూడా తీయాలి. అవతలివాళ్లు డౌన్‌లోడ్ చేసుకున్న కాపీ మీ చేతిలో లేదు. ఏజెంటుకైతే తీసేయమని మెసేజ్ పెట్టి, తీసేశానని జవాబు రాయించుకోండి. ఆ జవాబు తర్వాత అక్కరకొస్తుంది.

9. కంపెనీ రాసింది చదవండి, చట్టం ఇచ్చింది వాడుకోండి

ప్రైవసీ పాలసీ మొత్తం ఎవరూ చదవరు. తాళంచెవి ఎవరిది, డిలీట్ చేసిన ఫైలు ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరితో పంచుకుంటారు, ఏఐకి శిక్షణ ఇవ్వడానికి వాడతారా, ఈ నాలుగూ వెతికి చదవండి. 2025 జూలైలో ఫైళ్లు పంపే సర్వీసు వుయ్‌ట్రాన్స్‌ఫర్ తన నిబంధనల్లో మెషిన్ లెర్నింగ్ (ఏఐకి శిక్షణ ఇచ్చే పద్ధతి) ప్రస్తావన తేగానే వాడేవాళ్లు గొడవ చేశారు. కంపెనీ ఆ వాక్యాన్ని మార్చి, ఫైళ్లను ఏఐకి వాడబోమని చెప్పాల్సి వచ్చింది. చదివినవాళ్లు ఉండబట్టే అది మారింది.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు ఇచ్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం, డేటా తీసేయమని అడగడం ఈ చట్టం మనకిచ్చే హక్కులు. డేటాను కాపాడలేకపోయిన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

మీ కాగితాలతో ఎవరైనా మోసం చేశారని తెలిస్తే, డబ్బు పోయినప్పుడు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. యూఐడీఏఐ సైటులో మీ ఆధార్‌కి బయోమెట్రిక్ లాక్ (వేలిముద్ర, కంటి పాప వాడకుండా తాళం) వేయండి. కంగారులో అన్నీ డిలీట్ చేసేయకండి. ముందు ఆ లింకు, షేరింగ్ జాబితాలోని పేర్లు, వచ్చిన మెసేజ్‌లు తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ తర్వాత యాక్సెస్ తీసేసి, ఆ స్క్రీన్‌షాట్లను ఫిర్యాదుకి జతచేయండి.